డీలియా టూహీ ఒక్కసారే అడిగింది

డీలియా టూహీ వంటింట్లోంచి ఆకలితో బయటికి వెళ్లిన మనిషి తూర్పు క్లేర్ కౌంటీ మొత్తం మీద లేడు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. తిన్నవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు, వెళ్లి అడగవచ్చు. చిత్తడినేలలో పొయ్యిలోకి ఎండబెట్టుకునే మట్టిగడ్డలు కోసే రోజుల్లో గంపెడు బంగాళాదుంపలు ఉడికించి, వెన్న కరగకముందే కోతగాళ్ల దగ్గరికి మోసుకెళ్లింది ఆవిడే. కర్రలతో బంతి ఆడే హర్లింగ్ జట్టు కప్పు గెలిచిన సాయంత్రం గెలిచినవాళ్లకీ, ఓడినవాళ్లకీ, రెండు జట్లూ కలిసి తిడుతున్న రిఫరీకీ ఒకే బల్ల మీద వడ్డించి, ఎవరి పళ్లూ రాలకుండా ఇళ్లకు పంపింది ఆవిడే. ఫాదర్ వంతులవారీగా ఇళ్లకు వచ్చి వంటింట్లోనే పూజ చేయడం, ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్లంతా అక్కడే ఫలహారం చేయడం మా వైపు ఆనవాయితీ. డీలియా వంతు వచ్చిన ఏడు పూజకు వచ్చే జనం ఎప్పుడూ ఎక్కువే. ఊళ్లో భక్తి పెరిగిందని ఫాదర్ ఒక్కడే అనుకునేవాడు. ఒకసారి బిషప్‌గారే వచ్చారు. కడుపు బాగాలేదని ముందే కబురు పెట్టి మరీ వచ్చి, గుడ్లు, సాసేజీలు, సగం ఆపిల్ కేకు తిని వెళ్లారు. పన్నుల లెక్కలు చూడటానికి వచ్చిన ఆయన తిన్నది చెబితే ఆయన ఉద్యోగానికే ముప్పు.

ఆవిడ విద్య అంతా ఒక్క చోట ఉంది. 'వద్దు' అనే మాట ఆవిడ చెవికి ఎక్కదు.

మా వైపు టీ తాగుతావా అని అడిగీ అడగ్గానే తాగుతాననేవాడు పెంపకం లేనివాడి కింద లెక్క. మొదటి 'వద్దు' మర్యాద కోసం అనాలి. రెండో 'వద్దు' మొదటిదానికి తోడుగా అనాలి. మూడోసారి అడిగినప్పుడు, నువ్వంతగా అంటున్నావు కాబట్టి అంటూ కుర్చీ ముందుకు జరుపుకోవాలి. ఇంట్లోవాళ్లు మధ్యలో అడగడం మానేస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అలా ఎప్పుడూ జరగలేదు.

అలాంటి ఇంటికి లిమరిక్ పట్నం నుంచి ఒక పిల్లి వచ్చింది. డీలియా అక్క వృద్ధుల ఆశ్రమంలో చేరుతూ, తన పిల్లిని బుట్టలో పెట్టి చెల్లెలికి పంపింది. ఒళ్లంతా నలుపు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ. బుట్ట మూత తీయగానే నడుచుకుంటూ వెళ్లి, డీలియా చనిపోయిన భర్త మాటీ టూహీ కుర్చీలో కూర్చుని, భక్తులెవరైనా తన ఉంగరం ముద్దుపెట్టుకోవడానికి వస్తారేమో అన్నట్టు తల ఎత్తి చూసింది. పక్క పొలం మలకీ మినోగ్ అది చూసి పిల్లిని 'బిషప్' అన్నాడు. ఆ పేరే నిలిచింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాటీ పెంచిన గొర్రెల కుక్క గ్లెన్ 'వాడు', పిల్లి మాత్రం 'ఆయన'.

ఆ మొదటి సాయంత్రమే డీలియా పొరపాటు చేసింది. సాసరులో డబ్బా తిండి వేసి బిషప్ ముందు పెట్టింది. ఆయన వాసన చూసి, తల పక్కకు తిప్పుకుని కిటికీ వైపు చూశాడు. ఇంకో దేశపు ఆడమనిషైతే పిల్లికి ఆకలి లేదనుకుని ఊరుకునేది. డీలియాకి అది మొదటి 'వద్దు'లా వినిపించింది. పరాయి ఇల్లు కదా, మొహమాటపడుతున్నాడనుకుంది. సిగ్గుపడకు నాయనా అంటూ హామ్ ముక్క పెట్టింది. ఆయన దాన్నీ చూడలేదు. ఎంత మంచి పెంపకం అనుకుంటూ పొగబెట్టిన చేపను పాలలో ఉడికించి, పైన వెన్న వేసి తెచ్చింది. బిషప్ సాసరు అడుగు పువ్వులు కనిపించేదాకా నాకాడు. మా అక్క పిల్లిని కూడా పద్ధతిగా పెంచింది అని డీలియా మలకీతో గర్వంగా చెప్పుకుంది.

బిషప్ నేర్చుకున్న పాఠం వేరే. ఈ ఇంట్లో మూతి తిప్పుకుంటే వంటకం మారుతుంది. రెండుసార్లు తిప్పుకుంటే వెన్న వస్తుంది.

నెల తిరిగేసరికి వంటింట్లో ఎటు చూసినా ఆయన కాదన్న సాసర్లే. కిటికీ గట్టు మీద ఒకటి, పొయ్యి పక్కన ఒకటి, కుర్చీ కింద ఇంకొకటి. ఆయన కాదన్నవన్నీ గ్లెన్ తుడిచిపెట్టేవాడు. వాడికి జీవితంలో ఒక్క 'వద్దు' కూడా తెలియదు. కౌంటీ పోటీల్లో రిబ్బను గెలిచిన కుక్క, పొగరుబోతు పొట్టేళ్లను కంటిచూపుతో వెనక్కి నడిపించిన కుక్క, ఇప్పుడు సాసరు నుంచి సాసరుకు పహరా తిరిగేవాడు. అది బిషప్‌కి కంటగింపు. తాను ముట్టనిదాన్ని ఇంకొకరు తినడం ఆయనకు గిట్టేది కాదు. గ్లెన్ తన గిన్నెలో మూతి పెట్టగానే బీరువా మీద నుంచి దిగి వచ్చి, గిన్నె ముందు కూర్చుని, తోక పాదాల చుట్టూ చుట్టుకునేవాడు. తినేవాడు కాదు, తిననిచ్చేవాడు కాదు. గ్లెన్ డీలియా వైపు తిరిగి న్యాయం చెప్పమని మొరిగేవాడు. న్యాయమంటే డీలియా దృష్టిలో ఇద్దరికీ చెరో ముక్క అదనంగా పెట్టడమే. ఓసారి గ్లెన్‌ని వెనక గదిలో పెట్టి చూసింది. అడ్డుకోవడానికి ఎదుట ఎవరూ లేకపోయేసరికి బిషప్ ఆ పూట అన్నీ వదిలేశాడు. తలుపు తీయగానే గ్లెన్ అన్నీ తినేశాడు.

బిషప్ నాజూగ్గానే ఉన్నాడు. గ్లెన్ మాత్రం పీపాలా తయారయ్యాడు. ఒకరోజు మలకీ పొలానికీ డీలియా పొలానికీ మధ్య ఉన్న రాతిగోడ దూకబోయి, దూకలేక, వెనక కాలు ఎత్తిపట్టుకుని కుంటుతూ ఇంటికొచ్చాడు. మళ్లీ ఆ కాలు నేల మీద ఆనించలేదు.

పశువుల డాక్టరు గ్రాన్యా చూడటానికి వచ్చింది. వయసులో చిన్నదే గానీ చేతులు నెమ్మదైనవి. కాలు వంచి చూసి, మోకాలి కీలుని పట్టి ఉంచే లిగమెంట్ తెగిందని చెప్పింది.

"ఆపరేషన్ చేస్తాను మిసెస్ టూహీ. కానీ ఈ బరువు మీద చెయ్యను. కాలు బాగుచేసినా మళ్లీ తెగుతుంది, దాంతోపాటు రెండోది కూడా పోతుంది."

"రెండోది కూడా పోతే?"

"అప్పుడు నేను తెచ్చే సూది వేరే. అది వేశాక ఇక లేవడు."

డీలియా గ్లెన్ తల నిమిరింది. కుక్కని పస్తు పెట్టమంటావా తల్లీ అని అడిగింది.

"వీడికి కొలిచి పెట్టండి, చాలు. ఆపాల్సింది పిల్లి దగ్గర. ఆయన వద్దన్నవన్నీ వీడి కడుపులోకే పోతున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయన గిన్నె బీరువా మీద పెట్టండి. తినకపోతే తీసెయ్యండి. ఇంకో రకం వండొద్దు, బతిమాలొద్దు. పిల్లులు పస్తుండకూడదు కాబట్టి రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి."

"ఒక్కసారే అడగాలా?"

"ఒక్కసారే."

"పన్నులాయన్ని కూడా మూడుసార్లు అడిగానమ్మా," అంది డీలియా.

ఆ మాటలయ్యాక డాక్టరుకి టీ ఇచ్చింది. గ్రాన్యా పద్ధతి ప్రకారం రెండుసార్లు వద్దని, మూడోసారి తాగింది. రెండు స్కోన్ బన్నులు కూడా తింది.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటిరోజు డీలియా నోరు కట్టేసుకుంది గానీ నిట్టూర్పు ఆపుకోలేకపోయింది. బిషప్ ఆ నిట్టూర్పుని బతిమాలడంగానే జమకట్టుకుని కూర్చున్నాడు. చివరికి డీలియా చేతులు వాటంతట అవే హామ్ తీశాయి, ఆయన హామ్ కాదన్నాడు, గ్లెన్ మూడు కాళ్ల మీద గెంతుకుంటూ వచ్చి అది మింగేశాడు. మరునాడు పొద్దున గ్లెన్ నీళ్ల గిన్నె దగ్గరికి పోవడానికి రెండుసార్లు లేవబోయి కూలబడ్డాడు. డీలియా హామ్‌ని తీసుకెళ్లి కోళ్లకు వేసింది. ఇంతకాలం ఇంత జనానికి పెట్టినదాన్ని, ఒక పిల్లికి పెట్టకుండా ఉండలేనా అని పంతం పట్టింది. ఆవిడ పంతం పడితే ఏమవుతుందో మాటీకి తెలుసు. ఆయన సిగరెట్లు మానింది పెళ్లి రోజునే.

ఆ సాయంత్రం మలకీ వచ్చాడు. మలకీ ఒంటరివాడు, పెళ్లి చేసుకోలేదు. పాలు పితికాక రోజూ వచ్చి కూర్చుంటాడు. రోజూ టీ వద్దంటాడు, రోజూ టీతోపాటు గోధుమ రొట్టె, గుడ్డు, ఉన్నదేదైనా తిని వెళతాడు. ఇంట్లో రాత్రికి పొయ్యి వెలిగించే అలవాటు ఆయనకు ఏనాడో పోయింది.

"టీ తాగుతావా మలకీ?"

"అబ్బే, ఇప్పుడే తాగి వస్తున్నా."

అప్పుడు డీలియా తల ఎత్తి చూసింది. బీరువా మీద, అప్పుడే కాదన్న గిన్నె పక్కన, బిషప్ రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆయన ముందు మలకీని రెండోసారి అడిగితే పొద్దుట్నుంచి పడ్డ శ్రమంతా బూడిదే. మనిషికొక రూలు, పిల్లికొక రూలు అంటే ఆయన ఒప్పుకునేలా లేడు.

"సరే," అంది డీలియా, కూర్చుని అల్లిక చేతిలోకి తీసుకుంది.

ఆ వంటింట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. మలకీ రెండో 'వద్దు' నోట్లోనే పట్టుకుని కూర్చున్నాడు. వానలు ముదురుతాయని అన్నాడు. అవునంది డీలియా. మలకీ కెటిల్ వైపు చూశాడు.

"బాగా మరుగుతున్నట్టుంది."

"మరుగుతోంది."

"ఉత్తినే ఆవిరైపోతుందేమో."

"గిన్నెలు కడగడానికి పెట్టాను."

మలకీ టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి వెళ్లిపోయాడు. ఆ పూట ఇంట్లో ఆయన తిన్నది మెత్తబడిన బిస్కెట్లు. అవి కూడా దూడ కోసం ఉంచినవని తర్వాత చెప్పుకున్నాడు.

మర్నాడు మలకీ రాలేదు. బదులుగా కన్సెప్టా వచ్చింది. కన్సెప్టా చర్చిలో పూలు సర్దే మనిషి, ఊళ్లో మాటలు సర్దేది కూడా ఆవిడే. ఒంట్లో బాగుందా అని అడిగింది, ఇల్లంతా కళ్లతోనే తడిమింది, టీ తాగుతావా అంటే అయ్యో వద్దంది. సరేనంది డీలియా. కన్సెప్టా అటునుంచి నేరుగా మలకీ ఇంటికి వెళ్లి, ఇద్దరూ తమ తమ 'సరే'లను పోల్చి చూసుకున్నారు. ఆదివారం పూజ అయ్యేసరికి ఊరు రెండుగా చీలింది. డీలియాకి మతి తప్పిందని సగంమంది, చేతిలో డబ్బు ఆడటం లేదని మిగతా సగం. సోమవారం పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో చర్చి దానధర్మాల పెట్టె ఉంది. టీ పొడి, పిండి, జామ్, బంగాళాదుంపలు. లేనివాళ్ల ఇళ్లకు ఎవరికీ కనపడకుండా పెట్టి వెళ్లే పెట్టె అది. దాన్ని ఏళ్ల తరబడి సర్దింది డీలియాయే. జామ్ సీసాకి తాను అంటించిన కాగితమే ఇంకా ఉంది.

ఒక్క మాట చెబితే అంతా తేలిపోయేది. కుక్క కాలు కోసమని అంటే చాలు. కానీ అలా చెబితే ఊరంతా ఏమంటుంది? డీలియా టూహీకి పిల్లి మర్యాదలు నేర్పుతోందంటుంది. పిసినారి అని పేరు వస్తే వచ్చింది గానీ ఆ నవ్వు భరించలేననుకుంది. పెట్టెను చీకటి పడకముందే కన్సెప్టా గుమ్మంలో పెట్టి వచ్చింది. కన్సెప్టాకి ఏం జరిగిందో అని ఊరు మరో వారం మాట్లాడుకుంది.

బిషప్ కూడా మొండివాడే. గిన్నె పెట్టగానే పైన రసం నాలుగుసార్లు నాకి, మిగతాది అలాగే వదిలి, డీలియా వైపు చూసేవాడు. డీలియా గ్రాన్యాకి ఫోన్ చేస్తే నాకినా తిన్నట్టే, గట్టిగా ఉండమంది. డీలియా గిన్నె తీసేది. ఆయన కిందికి దిగి గ్లెన్ గిన్నె వైపు వెళితే, అది అప్పటికే వరండాలోకి మారింది, తలుపు వేసి ఉంది. గ్లెన్ అవతల ఒంటరిగా, ఎవరి అడ్డూ లేకుండా, కొలిచి పెట్టినది తినే చప్పుడు తలుపు సందులోంచి వినిపించేది. అది వింటూ బిషప్ తలుపు ముందు కూర్చునేవాడు. ఆయన తోక కొన మాత్రం కొట్టుకుంటూ ఉండేది.

ఓ పొద్దున డీలియా గిన్నె తీయడానికి చెయ్యి చాచింది. బిషప్ లేచి, ఆ చేతికీ గిన్నెకీ మధ్య తల దూర్చి తినడం మొదలుపెట్టాడు. డబ్బా తిండి. మొదటి సాయంత్రం కాదన్న ఆ రకమే. డీలియా వెంటనే గోడవైపు తిరిగి, గోడ మీద క్యాలెండరులో పోయిన నెల పండుగలు చదువుతూ నిలబడింది. ఓడినవాడు తింటుండగా కళ్లప్పగించి చూసే అలవాటు ఆవిడకు ఎప్పుడూ లేదు. హర్లింగ్ జట్టప్పుడూ ఇంతే.

ఇక సాసర్లు మాయమయ్యాయి. గ్లెన్ తగ్గడం మొదలుపెట్టాడు. మొదట మెడపట్టీ వదులైంది, తర్వాత నడుము కనిపించింది. అదే రోజుల్లో మలకీ ప్యాంటు బెల్టుకి ఇంకో రంధ్రం పొడుచుకున్నాడు. గ్రాన్యా రోడ్డు మీద ఆయన్ని చూసి, మిమ్మల్నీ గ్లెన్‌నీ ఒకే పథ్యం మీద పెట్టారా అని అడిగిందట. అప్పటికి గాని మలకీకి కుక్క సంగతి తెలియలేదు.

ఆ సాయంత్రం వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి చెప్పాడు. బిషప్ బీరువా మీద ఉన్నాడు, గ్లెన్ పొయ్యి ముందు పడుకుని ఉన్నాడు.

"టీ తాగుతావా మలకీ?"

మలకీ నోరు తెరిచాడు. తల్లి పెంపకం, అమ్మమ్మ పెంపకం, ఊరి పెంపకం అన్నీ కలిసి ఆ నోట్లోనే అడ్డం పడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"తాగుతాను," అన్నాడు నేలచూపులు చూస్తూ.

డీలియా గోధుమ రొట్టె కోసింది, గుడ్లు ఉడికించింది, వెన్న మూత తీసింది. మలకీ మొదటి కప్పు తాగి, రెండో కప్పుకి ధైర్యం తెచ్చుకున్నాడు.

"పిల్లి కోసం నన్ను పస్తు పెట్టావా డీలియా?"

"పిల్లి కోసం కాదు, కుక్క కోసం."

ఆ తేడాతో తనకేం ఒరిగిందో మలకీకి అర్థం కాలేదు గానీ, నోటినిండా రొట్టె ఉండటంతో వాదించలేదు. ఇంకో ముక్క కావాలా అని డీలియా ఒక్కసారి అడిగింది. కావాలని ఆయన ఈసారి కాస్త త్వరగానే అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. గ్రాన్యా బరువు చూసి ఒక్క మాట కూడా వంక పెట్టకుండా గ్లెన్‌ని లోపలికి తీసుకెళ్లింది. మర్నాడు సాయంత్రం మలకీ తన వ్యానులో వాణ్ణి ఇంటికి తెచ్చాడు. తొడ దాకా వెంట్రుకలు గొరిగేసి, కుట్ల మీద పట్టీ వేసి ఉంది. పొయ్యి ముందు దుప్పటి మీద పడుకోబెట్టారు. నొప్పి మాత్ర వెయ్యాలి, కానీ ఏమైనా తిన్నాకే వెయ్యాలి, ఖాళీ కడుపు మీద వేస్తే పేగులు పాడవుతాయి అని డాక్టరు గట్టిగా చెప్పి పంపింది.

డీలియా కొలిచి గిన్నె పెట్టింది. తన జన్మలో ఒక్క ముద్ద వదలని గ్లెన్, గిన్నె వైపు చూసి, తల దుప్పటి మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. మత్తు ఇంకా దిగలేదు. కాలు సన్నగా వణుకుతోంది. డీలియా కాసేపు నిలబడి చూసింది. వాడు మళ్లీ కళ్లు తెరవలేదు. నియమం ప్రకారం గిన్నె తీసెయ్యాలి. వంగింది గానీ చేతులు గిన్నె మీదికి వెళ్లలేదు.

తల ఎత్తి బీరువా వైపు చూసింది. బిషప్ మేలుకునే ఉన్నాడు. మెడ ముందుకు చాచి, ఇప్పుడేం చేస్తుందో అన్నట్టు శ్రద్ధగా చూస్తున్నాడు.

డీలియా కుర్చీ ఎక్కి ఆయన్ని రెండు చేతులా కిందికి దింపి, వెనక గదిలో వదిలి, తలుపు గడియ పెట్టింది. ఆయన అవతల నుంచి తన అభిప్రాయం చెబుతూనే ఉన్నాడు. తిరిగొచ్చి మలకీ ముందు నిలబడింది.

"నువ్వు కూడా లే."

"నేనేం చేశాను?"

"వింటే మళ్లీ పాత దారి పడతావు. బయట నిలబడు."

మలకీ టీ కప్పుతో సహా లేచి, వాన తుంపర పడుతున్న వాకిట్లో నిలబడ్డాడు. తలుపు మూసుకుంది. లోపల కుర్చీ పక్కకు లాగిన చప్పుడు, డీలియా కష్టంగా నేల మీద మోకరిల్లిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఆవిడ గొంతు, చాలా మెల్లగా.

"ఒక్క ముద్ద, గ్లెన్. ఒక్కటి చాలు. సరే, వద్దులే. కొంచెం రసం అద్దుకుంటావా? నా చేతిలోంచి తింటావా? రా నాయనా, మాటీ చూస్తే ఏమంటాడు నన్ను..."

మలకీ కప్పు చేతిలో పట్టుకుని వింటూ నిలబడ్డాడు. టీ చల్లారిపోతోంది. చాలాసేపటికి లోపల గిన్నె నేల మీద కొద్దిగా జరిగింది, తర్వాత ఇంకాస్త జరిగింది. అప్పుడాయన ఆ చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు.